పదికి రెండు

ఆ రోజు ఉదయం ఆస్పత్రి మూడో అంతస్తు మెట్లెక్కేసరికి నా చేతిలో ఉన్నది బొత్తిగా తక్కువ. సంతకం పెట్టే హక్కు నాకు లేదు, అది బావది. మాటకి విలువ లేదు, దాన్ని మూడు నెలల కిందటే పోగొట్టుకున్నాను. వైద్యం గురించి తెలిసింది సున్నా. ఉన్నదల్లా ఒక అనుమానం, దాన్ని తేల్చుకోవడానికి రెండు గంటల వ్యవధి. పన్నెండింటికల్లా మంచం ఖాళీ చేయాలని సిస్టర్ చెప్పి వెళ్ళిందట.

గదిలో బావ సంచీ సర్దుతున్నాడు. అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దే మనిషి. సంచీ కూడా అలాగే సర్దుతాడు, మడత మీద మడత, ఎక్కడా అంచు బయటికి రాకుండా.

"బండి మాట్లాడావా?" అన్నాడు తలెత్తకుండా.

"లేదు."

"పొద్దున ఫోన్లో చెప్పానుగా."

"విన్నాను. మాట్లాడలేదు."

తువ్వాలు మడుస్తున్న చేయి ఆగింది. మళ్ళీ కదిలింది.

అక్క వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. పిత్తాశయం నిండా రాళ్ళున్నాయని ఆరు రోజుల కిందట దాన్ని తీసేశారు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు పెదాలు దాటి పైకి రాలేదు. ఎడమచేత్తో మంచం పక్క ఇనప కమ్మీ పట్టుకుని ఉంది, నిండు బస్సులో నిలబడ్డ మనిషి పట్టుకున్నట్టు.

"కొట్టు ఎవరికి అప్పజెప్పి వచ్చావురా?"

"తాళంకప్పకి."

"వారం మధ్యలో కొట్టు మూస్తావా? నేను నాలుగు రోజులు కనబడకపోతే చాలు, నీ చేతికి అడ్డూ ఆపూ ఉండదు."

మాటలు పాతవే. గొంతు మాత్రం అరువు తెచ్చుకున్నట్టుంది.

కిటికీ దగ్గర నిలబడ్డ మేనకోడలు నా వైపు చూసింది. కొరియర్ ఆఫీసులో పనిచేసే పిల్ల, ఏది ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడమే ఆమె ఉద్యోగం. పొద్దున్నే ఫోను చేసింది ఆమే. "మామయ్యా, అమ్మ మొహం కడుక్కోవడానికి కూడా లేవలేదు. డాక్టరు పంపించేస్తామన్నాడు, నాన్న సరే అన్నాడు. నాకు భయంగా ఉంది, నువ్వు రా" అంది.

బావ ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. "చదువుకో. నీకు నా మాట మీద నమ్మకం లేదుగా."

ఇంటికి పంపే కాగితం. రోగి పరిస్థితి నిలకడగా ఉంది. నొప్పి పదికి రెండు. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చు. మధ్యలో రెండు చోట్ల ఎర్రసిరాతో అక్షరాలు దిద్ది ఉన్నాయి. బావ అలవాటు.

"అక్షరాలు దిద్దావు బావా. అంకె చూశావా?"

"అంకెలు దిద్దడం నా పని కాదు. అది డాక్టరు పని."

"రెండు ఏంటి? ఆమె పడుకున్న తీరు చూడు. నేను వచ్చి పావుగంటైంది, ఒక్కసారి పక్కకి తిరగలేదు."

"తిరగబుద్ధి కాలేదు, తిరగలేదు. నువ్వు బయటికి రా."

వరండాలో అటూ ఇటూ బల్లల మీద జనం. బావ గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తే ఆయన కోపం పెరిగిందని లెక్క.

"మీరు పెద్ద వ్యాపారస్థులు. నేను ఒకరి రాత దిద్దుకుని బతికేవాణ్ణి." బావ నన్ను మీరు అన్నాడంటే ఇంక ఆ పూటకి చుట్టరికం లేనట్టే. "అయినా ఒక మాట అడుగుతాను, చెప్పండి. మూడు నెలల కిందట స్కానులో రాళ్ళున్నాయని తేలింది. ఆపరేషన్ చేయించుకోమన్నారు. సీజను సరుకు దించుకున్నాక చూద్దాంలే అక్కా అన్నది ఎవరు?"

నేను చేతిలోని కాగితం మడత పెట్టాను.

"ఎవరు?"

"నేనే."

"అప్పుడు మీ మాట విన్నాం. ఏమైంది? కొట్టులో పడిపోతే మోసుకొచ్చి కోయించాల్సి వచ్చింది. ఇప్పుడు డాక్టరు ఇంటికి వెళ్ళమంటున్నాడు. మీరు వద్దంటున్నారు. ఎవరి మాట వినమంటారు?"

అందులో ఒక్క అక్షరం కూడా దిద్దడానికి లేదు. ఆమె ఆస్పత్రిలో చేరితే కొనుగోలు ఆగిపోతుందని, ఆ నాలుగు వారాలు ఓపిక పట్టమన్నాను. నాలుగు వారాలు మూడు నెలలయ్యాయి. ఆమె పట్టింది.

"తప్పు నాదే బావా. అందుకే ఇప్పుడు రెండోసారి చేయనంటున్నా. ఒక్కసారి పెద్ద డాక్టర్ని పిలిపించి మళ్ళీ చూడమందాం."

"వద్దు." ఆయన కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. "మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా అన్నయ్య ఇలాగే డాక్టరు మీద కేకలేశాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆ వార్డులో ఒక్క మనిషి మా మంచం దగ్గర ఆగలేదు. సెలైను అయిపోయిందని పిలిస్తే వినబడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు. మన మనిషి వాళ్ళ చేతుల్లో ఉన్నప్పుడు వాళ్ళతో గొడవ పెట్టుకోకూడదు. అది నీకు తెలీదు. నాకు తెలుసు."

మళ్ళీ 'నువ్వు' అనడంలోకి వచ్చాడు. అంటే ఆయన కోపం కింద ఉన్న భయం పైకి వచ్చింది.

"కేకలెయ్యను" అన్నాను.

"ఏమీ చెయ్యకు. బండి పిలువు."

ఆయన కిందికి వెళ్ళాడు, ఆ బండేదో తనే మాట్లాడటానికి. మేనకోడలు ఆయన వెనకాల నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "మామయ్యా, ఇద్దర్లో ఎవరో ఒకరు తొందరగా గెలవండి. అమ్మకి ఒళ్ళు వెచ్చబడుతోంది" అంది.

*

మా కొట్టు దర్జీలకి గుండీలు, జిప్పులు, కాలరు గుడ్డ, దారం రీళ్ళు అమ్మే కొట్టు. అమ్మకం నాది, కొనుగోలు అక్కది. టోకు వర్తకులు ఆమెకి పెట్టిన పేరు సగంధర. వాళ్ళు ఎంత చెప్పినా ఆమె అందులో సగం దగ్గర మొదలుపెడుతుంది. జిప్పు తెస్తే పదిసార్లు లాగి చూస్తుంది, మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వదు. సరుకు నచ్చిందని అవతలివాడికి తెలిస్తే ధర దిగదని ఆమె సిద్ధాంతం. ఆకలేస్తున్నా, కాళ్ళు పీకుతున్నా, బేరం తెగేదాకా కుర్చీ అడగదు.

ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"అక్కా, నిజంగా రెండేనా?"

"రెండే."

"ఆపరేషన్ అయిన రోజో?"

"అప్పుడూ రెండే."

"కడుపు కోసిన రోజు రెండు, కుట్లు ఆరిన రోజు రెండు. బాగానే ఉంది."

ఆమె తలుపు వైపు చూసింది. ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది. "ఒరేయ్, వాళ్ళు అంకె ఎందుకు అడుగుతారనుకున్నావు? ఊరికే అడుగుతారా? ఎవడైనా మన దగ్గర అంకె రాబట్టాడంటే దాని మీద ఏదో కడతాడు. పక్క మంచం ఆవిడ మొదటి రోజే ఏడు అంది. ఏమైంది? గొట్టాలు, సూదులు, రోజుకో పరీక్ష. ఇంకా ఇక్కడే ఉంది. నేను రెండు దగ్గర గట్టిగా పట్టుకున్నాను. ఆరో రోజుకి దారికొచ్చారు."

"గెలిచానంటావు."

"గెలవలేదా మరి? కాగితం ఇచ్చేశారుగా."

నొప్పి ఎంతని సిస్టర్ రోజుకి మూడుసార్లు అడగడం, ఈమె సగానికి సగం కూడా కాని అంకె విసిరి చూస్తూ కూర్చోవడం. ఆస్పత్రితో బేరం ఆడుతోంది మా అక్క. పైగా బేరం తెగింది.

"మరి అసలు ఎంత?"

"అసలు రేటు బయటపెట్టి కొన్నది ఎప్పుడైనా చూశావా నన్ను?" కళ్ళు మూసుకుంది. "ఎక్కువ చెప్తే మళ్ళీ కోస్తార్రా. ఇంకోసారి ఆ బల్ల ఎక్కలేను. ఇంటికెళ్ళి పడుకుంటే అదే తగ్గుతుంది."

"ఆ రెండో చేయి భుజం మీద ఎందుకు పెట్టుకున్నావు?"

"దిండు సరిగ్గా లేదు. పట్టేసింది."

కుడి భుజం. కోసింది కడుపు.

మంచం కాళ్ళ దగ్గర అట్టకి గుచ్చిన చార్టు వేలాడుతోంది. ముట్టుకోకుండా వంగి చదివాను. నాకు మందుల పేర్లు తెలియవు గానీ గడులు, వరసలు తెలుసు. పూటకో గీత. నొప్పి గడిలో పై నుంచి కింది దాకా రెండు, రెండు, రెండు. పక్క గడిలో నాడి. మొదట ఎనభై నాలుగు. తర్వాత తొంభై. తొంభై ఎనిమిది. నూట ఆరు. రాత్రి నూట పదహారు.

మా వ్యాపారంలో కదలని అంకె ఉండదు. గోదాములో తాళం వేసి పెట్టిన దారం రీళ్ళు కూడా తేమకో ఎలుకలకో ఎంతో కొంత తగ్గుతాయి. ఆరు రోజులు ఒకే అంకె నిలబడి ఉందంటే ఎవరూ సరుకు తెరిచి చూడలేదనే.

సిస్టర్ లోపలికి వచ్చింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిపోయి, చేతిలో మందుల పళ్ళెం.

"అది మీరు చూడకూడదండీ."

"చూసేశానమ్మా. ఈ నొప్పి గడి ఎవరు రాస్తారు?"

"మేమే. నేను అడుగుతాను, ఆవిడ చెప్తారు, నేను రాస్తాను."

"మీ తప్పేమీ లేదు. ఆవిడ నిజం చెప్పడం లేదు. ఇప్పుడే నాతో అంది..."

"నేనేమీ అనలేదు" అంది అక్క, కళ్ళు తెరవకుండానే. "వీడికి కొట్టు ఒక్కడే నడపలేక కంగారు, సిస్టర్. చిన్నప్పటి నుంచీ అంతే. నాకు రెండే."

సిస్టర్ నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. అప్పుడే బావ కూడా మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ. "ఆయన మాట పట్టించుకోకండమ్మా. కింద బండి సిద్ధంగా ఉంది" అన్నాడు.

ఒక అమ్మకందారుగా నాకు బాగా తెలిసిన క్షణం అది. ముగ్గురు మనుషులు కాదన్నాక నాలుగోసారి అదే మాట అంటే సరుకు తిరిగొచ్చేస్తుంది. వేరే దారిన పోవాలి.

"సరేనమ్మా" అన్నాను సిస్టర్‌తో. "వెళ్ళిపోతాం. ఒక్క ఉపకారం చేయండి. ఈ ఫైలులో ఒక ముక్క రాయండి. నాడి పెరుగుతోంది, పెద్ద డాక్టరుగారిని ఇంకోసారి చూడమని ఇంటివాళ్ళు అడిగారు, అవసరం లేదని పంపించేశాం అని. టైము వేయండి. నా సంతకం కూడా పెడతాను."

"అలా రాసే పద్ధతి లేదండీ."

"పోనీ, ఆయన్ని పిలిచే పద్ధతి ఉందా?"

"ఆయన థియేటర్లో ఉన్నారు."

"అయితే మీరే ఒక్కసారి నాడి చూడండి. గడియారం పెట్టి, పూర్తిగా ఒక నిమిషం. తక్కువుంటే నేనే సంచీ మోసుకుని దిగుతాను."

"నీకు సిగ్గు లేదురా" అన్నాడు బావ. నన్ను రా అనడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

సిస్టర్ పళ్ళెం పక్కన పెట్టింది. అక్క మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. మేనకోడలు గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒక నిమిషం ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. కస్టమరు ఒక గుడ్డని వెలుతురుకి పట్టుకుని చూస్తున్నప్పుడు కూడా నాకు అంత పొడుగనిపించలేదు.

ఆమె చెయ్యి వదిలింది. మళ్ళీ పట్టుకుని మళ్ళీ లెక్కపెట్టింది.

"ఎంత?" అన్నాడు బావ.

ఆమె వరండాలోకి వెళ్ళి టెలిఫోను ఎత్తింది.

*

పెద్ద డాక్టరు వచ్చేసరికి పదకొండున్నర. తలమీద ఆకుపచ్చ టోపీ అలాగే ఉంది. రెండు ఆపరేషన్లకి మధ్యలో వచ్చిన మనిషి, నిలబడ్డ తీరులోనే వెళ్ళిపోవడం కనిపిస్తోంది.

"ఏమైందమ్మా? ఇంటికి వెళ్ళడం ఇష్టం లేదా?"

"వెళ్ళిపోతాను సార్. అంతా బాగుంది."

"నొప్పి?"

"రెండు."

డాక్టరు సిస్టర్ వైపు చూశాడు. సిస్టర్ నా వైపు చూసింది. బావ నేల చూపులు చూశాడు.

"నాడి కొంచెం ఎక్కువుంది" అన్నాడు డాక్టరు. "భయానికి కూడా పెరుగుతుంది. ఇంట్లో మనుషులు ఇలా గొడవ పడుతుంటే ఇంకా పెరుగుతుంది." అది నాకు. "పేషెంటే రెండంటుంటే మీ ఇబ్బంది ఏమిటండీ?"

నిజం చెప్తే అక్క మళ్ళీ కాదంటుంది. బతిమాలితే ఇంకా బిగుసుకుంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆమె పక్కన కూర్చుని బేరాలు చూశాను. ఆమె ఓడిపోయిన బేరం ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే, అవతలివాడు అన్యాయమైన ధర చెప్తే ఆమె నోరు ఊరుకోదు. అది చెవిన పడితే చాలు, ఒంట్లో బాగా లేకపోయినా దించి తీరుతుంది.

"సార్, ఆవిడ మాట వదిలేయండి" అన్నాను. "పదికి పది. నేను చెప్తున్నాను."

"పదేంటి?" అంది అక్క.

"పదే."

"పదంటే చచ్చేవాళ్ళకిరా. నేనేమన్నా చస్తున్నానా?"

"పోనీ తొమ్మిదిన్నర. అంతకంటే దిగను. రాసుకోండి సిస్టర్, తొమ్మిదిన్నర."

"రాయకండి! తొమ్మిదిన్నర ఏమిటి నీ మొహం! నోటికొచ్చినట్టు చెప్పడమేనా? నొప్పి నాదా, నీదా?"

"తొమ్మిది. ఆఖరు మాట."

"తొమ్మిది కానే కాదు." ఆమె కమ్మీ వదిలి వేలెత్తింది, టోకు వర్తకుల ముందు ఎత్తినట్టే. "ఎనిమిది. ఎనిమిదికి మించి ఒక్క పిసరు కూడా లేదు. కావాలంటే..."

ఆగిపోయింది.

సిస్టర్ చేతిలో కలం గాలిలోనే ఉంది.

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నేను బతికున్నంత కాలం మరిచిపోలేను. బేరంలో మోసపోయిన మనిషి చూపు అది. అంత తెలివైన మనిషి, తన విద్యతోనే తనని పడగొట్టారని ఆ ఒక్క క్షణంలో తెలుసుకుంది. ఎత్తిన వేలు దించి మెల్లగా దుప్పటి మీద పెట్టుకుంది.

"ఎప్పట్నుంచమ్మా?" డాక్టరు గొంతు మారింది.

అక్క దుప్పటి అంచు సరిచేసుకుంది.

"అమ్మా..." అంది మేనకోడలు.

"మొన్నటి నుంచి" అంది అక్క గోడ వైపు చూస్తూ. "అంతకు ముందు నాలుగు. మొన్న సాయంత్రం నుంచి ఎనిమిది."

"కుడి భుజం కూడా పట్టేసిందంటోంది సార్" అన్నాను. "దిండు వల్ల అంటోంది."

డాక్టరు టోపీ తీసి జేబులో కుక్కాడు. మంచం మీదికి వంగాడు. "ఒక్కసారి దగ్గండి."

"నాకు దగ్గు లేదు సార్."

"లేకపోయినా దగ్గండి."

ఆమె ప్రయత్నించింది. సగం దగ్గుకే నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. కాలివేళ్ళు దుప్పటి కింద ముడుచుకుపోయాయి. డాక్టరు చేయి కడుపు మీద ఆనిందో లేదో, ఆమె రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టేసుకుంది. ఆరు రోజులుగా దాచిన సరుకంతా ఆ పట్టులో బయటపడింది.

"స్కాన్" అన్నాడు డాక్టరు సిస్టర్‌తో. "రేపు కాదు, మధ్యాహ్నం కాదు. ఇప్పుడే."

*

మూడు గంటలకి మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచారు. మూడు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద పువ్వుల్లేని గాజు సీసా. డాక్టరు మాటలు తూకం వేసి చెప్పాడు. లోపల కుట్టు వేసిన చోటు నుంచి పైత్యరసం కారుతోంది. రెండు మూడు రోజులుగా కడుపులో చేరుకుంది, చీము పట్టడం మొదలైంది. జ్వరం బిళ్ళలు వేస్తుండటంతో ఇవాళ్టిదాకా వేడి బయటపడలేదు. నోట్లోంచి గొట్టం పంపి ఆ కారేచోట చిన్న నాళం పెట్టాలి, పక్క నుంచి ఇంకో గొట్టం పెట్టి చేరిన నీరు తీసేయాలి.

"రెండు అంటుంటే నమ్మాను" అన్నాడు. "కడుపు నొక్కి చూడకుండా కాగితం రాశాను. అది నా పొరపాటు."

అంత మాట ఆ మనిషి నోట వస్తుందని నేననుకోలేదు. దాన్ని ఏ గడిలో వేయాలో కూడా నాకు తెలియలేదు.

"ఇవాళ ఇంటికి తీసుకెళ్ళి ఉంటే?" అంది మేనకోడలు.

డాక్టరు స్కాను కాగితం ఫైలులో పెట్టాడు. "తీసుకెళ్ళలేదుగా" అన్నాడు.

"ఇప్పుడు తగ్గిపోతుందా?" అన్నాను.

"ఆలస్యమైంది. ఒంట్లోకి విషం ఎంత ఎక్కిందో ఈ రాత్రి గడిస్తేగానీ చెప్పలేను. రాత్రి గడిస్తే అప్పుడు మాట్లాడుకుందాం."

సిస్టర్ ఒప్పుదల కాగితం తెచ్చి బావ ముందు పెట్టింది. ఆయన జేబులోంచి కలం తీశాడు. చదవడం మొదలుపెట్టాడు. మొదటి పంక్తి మీద వేలు పెట్టి అక్కడే ఉండిపోయాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"నాన్నా" అంది కూతురు.

"అక్షరాలు కనబడుతున్నాయమ్మా. ఏం రాసుందో తెలియడం లేదు." కాగితం నా వైపు జరిపాడు. "నువ్వు చదువు."

చదివాను. రక్తస్రావం కావచ్చు. ఊపిరి అందకపోవచ్చు. ప్రాణాపాయం కలగవచ్చు. ఒక్కొక్క మాటకీ ఆయన తలాడించాడు, పెళ్ళిచూపుల్లో పెద్దల మాట వింటున్న కుర్రాడిలా. సంతకం పెట్టబోతే సిస్టర్ ఆపింది. ఎర్రసిరా చెల్లదంది. ఆయన ఖాళీ జేబు తడుముకున్నాడు. నా కలం ఇచ్చాను. తీసుకున్నాడు. సంతకం పెట్టాడు. కలం తిరిగి ఇవ్వలేదు.

వరండాలోకి వచ్చాక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ముప్ఫై ఏళ్ళ నుంచి పక్కన పడుకుంటున్నాను" అన్నాడు. "ఆరు రోజులు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నాకు కూడా రెండే చెప్పింది. నీ ముందు ఎనిమిది అంది."

"నాకు చెప్పలేదు బావా. నా నోరు మూయించడానికి చెప్పింది."

"అదే అంటున్నా. మోసం చేసి రాబట్టావు."

"అవును."

"అడిగితే చెప్పేది నాకు. నేనే గట్టిగా అడగలేదు." మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి గొంతు గట్టిపడింది. "చూడు. ఆమె బతికితే నీ వల్ల. బతక్కపోతే అదీ నీ వల్లే. ఆ మూడు నెలలు నేను మర్చిపోను. రెండూ నీ పేరునే రాసుకుంటాను."

"రాసుకో."

ఇంకేదో అనబోయాడు. చక్రాల మంచం చప్పుడు వినబడింది.

అక్కని తీసుకొస్తున్నారు. మొహానికి మాస్కు. దాని కింద ఊపిరి ఆవిరై కమ్ముకుంటోంది, విడిపోతోంది. బావ ఒక పక్కన, కూతురు ఒక పక్కన నడిచారు. నేను కాళ్ళ వైపు. ఆమె కూతురి బుగ్గ నిమిరింది. మొగుడి చేయి నొక్కింది. నా వైపు చూసి తల తిప్పేసుకుంది.

లిఫ్టు దగ్గర ఆపారు. నేను వంగి, "అక్కా" అన్నాను.

మాస్కు పక్కకి జరుపుకుంది. సిస్టర్ వద్దంటున్నా వినలేదు. "నీతో నాకు మాటల్లేవు" అంది. "తొమ్మిదిన్నర అంటావా? ఎంతమంది ముందు!"

"ఇంటికొచ్చాక తిట్టు."

"ఇంటికొస్తే." మళ్ళీ ఊపిరి అందక ఆగింది. నా చొక్కా రెండో గుండీ పట్టుకుంది. దారం వదులైందేమో చూస్తున్నట్టు వేలితో తిప్పింది. ఆ వేళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "ఒరేయ్... నిజంగా తొమ్మిదే. ఒకటి తగ్గించి చెప్పాను. ఆయనకి చెప్పకు."

మాస్కు వేసేశారు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

"ఏమంది?" అన్నాడు బావ వెనక నుంచి. "నీతో ఏదో అంది. ఏమంది?"

నేను తలుపు మీద వెలుగుతున్న అంకెలు చూస్తూ నిలబడ్డాను. ఆయన నా భుజం పట్టి తిప్పాడు. "చెప్పవేం? మళ్ళీ ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. పన్నెండింటికి ఇంట్లో ఉండాల్సిన మనిషి ఇంకా ఆస్పత్రిలో ఉంది. దానికి బదులుగా అక్కతో మాట పోయింది, బావతో చుట్టరికం దాదాపుగా పోయింది, ఇప్పుడు ఈ తొమ్మిది నా ఒక్కడి దగ్గరే ఉంది, చెప్పినా నేరమే, చెప్పకపోయినా నేరమే. ఇవన్నీ పోగా ఆ రోజు నేను సంపాదించింది ఒక్క రాత్రి. అదైనా ఇంకా నా చేతికి రాలేదు.